మా సొరతీగ గారికి, గోడవతలి చిరునామాకు

మహారాజశ్రీ సొరతీగ గారి సముఖమునకు,

మీ వేళ్ళున్న ఇంటి యజమాని నమస్కరించి రాసుకునేది. మేమంతా ఇక్కడ క్షేమం. మీరు అక్కడ మహా క్షేమంగా ఉన్నారని నిన్న సాయంత్రం తెలిసింది. వెనకింటి ఆమె ప్లాస్టిక్ కవర్లో ఒక సొరకాయ పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చి, "అన్నా, మా గోడకు ఆనిగెపుకాయలు మస్తు కాసినయి, మేం ఇద్దరమే గదా, ఎన్నని తింటం, మీకు కూరగాయల మొక్కలంటే పానం గదా అని తెచ్చిన" అన్నది. తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. మూరెడు కాయ, గోరు గుచ్చితే నీరు ఉబికేంత లేత, ఒంటి మీద సన్నటి నూగు ఇంకా పోలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని వినడమే గానీ, ఆ అత్త తానే చెయ్యి చాచి ఆ దానం పుచ్చుకోవడం మాత్రం నా వల్లే మొదలైనట్టుంది.

ఆమె తప్పేం లేదు. గోడ ఆరడుగులు, అటువైపు నుంచి చూస్తే మీరు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే ఉంటారు. "అది మా తీగేనమ్మా" అని చెప్పొచ్చు, కానీ ఆమె మొహంలో ఆ సంతోషం చూశాక నోరు పెగల్లేదు. ఈలోపు మా ఇంటామె వచ్చి, కవరు ఖాళీగా పంపితే బాగుండదని గేటు పక్కన చిక్కుడు పాదుకు దిగిన మొదటి కాయలు, అన్నీ కలిపితే గుప్పెడు, కోసి అందులో వేసి పంపింది. అంటే నా సొరకాయ నా ఇంటికి రావడానికి నా చిక్కుడుకాయలు పన్ను కట్టానన్నమాట.

రాత్రి నిద్ర పట్టలేదు. పదిన్నరకు స్టూలు వేసుకుని గోడ మీదుగా ఫోన్ టార్చి కొట్టి లెక్కపెట్టాను. తొమ్మిది. వాళ్ళు బట్టలారేసే తీగ పొడవునా పాకి, పిల్లరు మీద వదిలేసిన ఇనుప చువ్వలను చుట్టుకుని, తొమ్మిది కాయలు గుడి గంటల్లా వేలాడుతున్నాయి. పిందెలు లెక్కలోకి తీసుకోలేదు. కుక్క మొరగడంతో దిగిపోయాను. నా సొంత తీగను దొంగలాగ చూసి రావాల్సి వచ్చింది. ఇక మా వైపు మీ ఆస్తి వివరం: ఆకులు, ఒక్కోటి విస్తరంత. కాయలు సున్నా.

మీ కోసం నేనేం తక్కువ చేశానో దయచేసి తెలియజేయగలరు. జూన్ 8న మృగశిర అని విత్తనాలు రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో కట్టి, మొలక చూసి మరీ పెట్టాను. రెండాకులు వేశారో లేదో ఎర్ర పెంకు పురుగులు వచ్చి మిమ్మల్ని జల్లెడ చేసి పోయాయి. శ్రావణంలో మళ్ళీ పెట్టాను. ఈసారి ఇస్త్రీ బండి అతన్ని బతిమాలి బొగ్గుల బూడిద తెచ్చి, రోజూ పొద్దున మంచు తడి మీదే చల్లాను. అతను మొదట్లో పళ్ళు తోముకోవడానికి అనుకున్నాడు. వేపపిండి, మాగిన పెంట, పుల్ల మజ్జిగ. నాలుగు సర్వి కర్రలు, జీఐ తీగ, కూలీ కలిపి పందిరికి 1,850 రూపాయలు. రైతు బజార్లో కాయ పాతిక రూపాయలు పెట్టినా డెబ్భై నాలుగు కాయలు వచ్చేవి. ఆ పందిరి మీద ఇప్పుడు మా ఇంటామె వడియాలు ఆరబెట్టుకుంటోంది.

నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడు తీయడానికి పటికా సున్నమూ వేసే పద్ధతికి ఏకంగా మన ఊరి పేరే పెట్టి దేశమంతా చదువుకున్నారు, అదీ మన నీళ్ళ ఘనత. బోరు నీళ్ళు పోస్తే కుండీల అంచులకు తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అందుకని నల్లా వచ్చిన పొద్దు డ్రమ్ము నింపి చెంబులతో పోశాను. నల్లా రాని రెండు రోజులు, ఎవరికీ చెప్పకు, తాగడానికి తెచ్చుకున్న ఇరవై లీటర్ల డబ్బాలోంచి పోశాను. నాకు లేకుండా నీకు పోశాను. చూశారా, కోపంలో నువ్వు అనేశాను. ఇక అదే ఉండనీ, ఇన్ని చేశాక నీకు మీరేంటి?

నీకు త్రీజీ కటింగ్ కూడా చేశాను. మొదటి తీగ అంతా మగపూలే, దాని తల తుంచితే పిల్ల తీగలు, వాటి తలలు తుంచితే వచ్చే మూడో తరం తీగలకే ఆడపూలు ఎక్కువ అని వీడియోల్లో ఒక్కొక్కరు ఆపరేషన్ చేసే డాక్టర్లలాగ చెప్పారు. తుంచాను. ఆడపూలు వచ్చాయి, మా వైపే, ఏడు. నీ పూలు పొద్దు గూకాక విచ్చుకుంటాయి, ఆ వేళకు తేనెటీగలుండవు. అందుకని బడి నుంచి వచ్చి, చాయ్ కూడా తాగకుండా, స్టూలెక్కి, ఫోన్ పళ్ళ మధ్య పట్టుకుని, మగపువ్వు తెంపి దాని రెక్కలు ఒలిచి ఆ పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాను. పువ్వు కింద చిటికెన వేలంత పిందె, ముట్టుకుంటే మెత్తగా, పసిపిల్ల చెవిలాగ. అప్పుడే గోడ మీద తల కనిపించింది. "ఏం చేస్తున్నవన్నా చీకట్ల?" యాభై రెండేళ్ళ మాస్టారిని, నోట్లో ఫోను, చేతిలో పువ్వు. ఏం చెప్పమంటావు? "పురుగులు చూస్తున్న" అన్నాను.

ఏడు పిందెలూ పసుపు తిరిగి, మూడో రోజుకు కొన నుంచి కుళ్ళి రాలిపోయాయి. అవతల ఎవరూ స్టూలెక్కలేదు, ఎవరూ పువ్వు తెంపలేదు, ఏ రాత్రి పురుగులో వచ్చి పని చేసి పోయాయి, తొమ్మిది కాయలు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వాళ్ళని చూశాను, తిన్నింటి వాసాల మీంచి పాకి పక్కింట్లో కాపురం పెట్టిన దాన్ని నిన్నే చూస్తున్నాను.

మిగతావాళ్ళ మీద నాకు ఇంత కోపం లేదు. టమాటా 2023 జూలైలో కిలో వంద దాటిన రోజుల్లో మా ఇంట్లో పూత కూడా లేదు, కిలో పది రూపాయలకు దిగిన వారమే బుట్టెడు పండింది, అది దాని బుద్ధి. వంకాయ కోస్తే ప్రతి దాంట్లో నాకంటే ముందు ఒక పురుగు భోంచేసి ఉంటుంది. కోతులు వస్తే మేమే తలుపులు వేసుకుంటాం, ఇల్లు వాళ్ళది కదా. ఎండాకాలం సరేసరి, 45 డిగ్రీల్లో గ్రీన్ నెట్ కింద బతికేది పుంటికూర ఒక్కటే, దానికి నీళ్ళు పోయడం మరిచిపోయినా ఏమీ అనుకోదు. చిక్కుడు కూడా వానాకాలమంతా ఆకులే వేసి, చలి తగిలితే గానీ పూత పూయదు, పూశాక సంక్రాంతికి పేనుబంక. అయినా ఎవరూ ఇల్లు దాటలేదు.

మొన్న ఆదివారం పానగల్లు వెళ్ళాను. ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా నీడ కదలకుండా నిలబడుతుంది, బడి పిల్లలను తీసుకెళ్ళి ఎన్నిసార్లు చూపించి ఉంటానో. ఈసారి నిలబడి చూస్తుంటే మా పెరడు గుర్తొచ్చింది. ఇంటికి వచ్చి మధ్యాహ్నం పన్నెండింటికి పెరట్లో నిలబడ్డాను. నీ పందిరి మీద నీడ. ఒంటిగంటకు నీడ. మూడింటికి నీడ. పోయిన ఉగాదికి మేడ మీద గది వేశాం, మా వాడు సెలవుల్లో వస్తే ఉంటాడని, వాడు వచ్చింది రెండు రాత్రులు. పెరడు ఇంటికి ఉత్తరాన. శ్రావణంలో పొద్దు నడినెత్తిన ఉండేది కాబట్టి తెలియలేదు, దసరా దాటి పొద్దు దక్షిణానికి జరిగేసరికి ఆ గది నీడ పందిరి దాటి సరిగ్గా గోడ దగ్గర ఆగుతోంది. అవతల పెళపెళ ఎండ.

అంటే నువ్వు వెతుక్కున్నది ఎండను. సరే. ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది, అంతే. స్లాబు వేసే రోజు మేస్త్రీకి చాయ్ తెచ్చి ఇచ్చింది నేనే.

నిన్నటి కాయలో సగం మా ఇంటామె తురిమి బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి చేసింది. గిన్నె అంచుకు ఎర్రగా మాడిన చోట కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా, పల్లీలు తగులుతూ. మూడు తిన్నాను. నీ మీద కోపంతో నాలుగోది తినలేదని రాద్దామనుకున్నాను గానీ, అది అయిపోయింది.

ఒక్క పని చేసిపెట్టు. అవతల చువ్వలకు వేలాడే వాటిలో అన్నిటికంటే పైన, చేతికి అందని కాయ ఒకటుంది. మా తాత చేనుకు నీళ్ళు తీసుకెళ్ళిన సొరబుర్ర లాంటి ఆకారం, సన్న మెడ. దాన్ని ముదరనివ్వు. తొడిమ ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. వచ్చే మృగశిరకు విత్తనం కావాలి నాకు, ఈసారి మేడ మీదే పెడతాను. ఆ కాయ కోయొద్దని చెప్పడానికి రేపు పొద్దున ఆమె ఇంటికి వెళ్తున్నాను. తీగ ఎవరిదో అప్పుడు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఖాళీ చేతులతో పోతే బాగుండదని మా ఇంటామె ఇప్పటికే పుంటికూర కట్ట కట్టి పెట్టింది.

ఇట్లు,
మీ వేళ్ళ సంరక్షకుడు,
నల్లగొండ