మైనారిటీ తీరే తేదీ గారికి

ఒడిశా పర్లాకిమిడి నుంచి ఒక గుంటడి తల్లి రాయునది. ఉభయకుశలోపరి.

అయ్యా, పద్దెనిమిదేళ్ళు నిండే రోజుగా మీరొస్తున్నారంటే మా వీధి పిల్లలందరికీ పండగే. ఓటు వస్తుంది, బండి లైసెన్సు వస్తుంది, తండ్రికి ఎదురుచెప్పే ధైర్యం వస్తుంది (అది ఈ మధ్య కాస్త ముందే వస్తోంది లెండి). మావాడి దగ్గరికి మాత్రం ఫైలు పట్టుకుని వచ్చారు.

వాడికి బుద్ధి ఎదుగుదల తక్కువ. ఇలాంటి పిల్లల వైకల్యం సర్టిఫికెట్ అయిదో ఏట, పదో ఏట, పద్దెనిమిదో ఏట మళ్ళీ రాయించుకోవాలని కేంద్రం నిబంధన. మధ్యలో నయమైపోతే మేం దాచిపెట్టామేమోనని అనుమానం కాబోలు. మీ చేతిమీదుగా ఇచ్చింది మాత్రం జీవితాంతం చెల్లుతుందట. సంతోషం.

ఆ సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డులో మేడమ్ వాణ్ణి ఒడియాలో పేరడిగింది. వాడికి తెలిసింది ఇంట్లో మాట్లాడే తెలుగే. నావైపు చూశాడు. "నీ పేరు చెప్పు నాన్నా" అన్నాను. "మీరు అందించకండి" అన్నారు మేడమ్.

తర్వాత ప్రశ్నలన్నీ నాకే. తనంతట తాను తింటాడా? స్నానం చేస్తాడా? చొక్కా గుండీలు పెట్టుకుంటాడా?

ఈ గుండీల సంగతి మీకు చెప్పాలి. వాళ్ళ నాన్న పాత చొక్కా దిండుకి తొడిగి నేర్పాను. గుండీ కాజాలో సగం దూరేది, వేలు జారేది, వాడు దిండు విసిరికొట్టేవాడు. ఏళ్ళు పట్టింది. ఇప్పుడు కిందినుంచి మొదలుపెడితే ఒక్కటీ తప్పిపోదు. అందుకే "పెట్టుకుంటాడండీ" అని గట్టిగా చెప్పాను. పక్కనున్న ఇంకో పిల్ల తల్లి నా మోచెయ్యి గిల్లింది.

ఎందుకు గిల్లిందో లెక్క చూశాక తెలిసింది. సొంతంగా చేసుకునే పనుల్ని బట్టి వేసే ఆ పరీక్షలో స్కోరు 35 అయితే వైకల్యం తీవ్రం, 90 శాతం. 36 అయితే మధ్యస్థం, 75 శాతం. నడుమ మెట్టు లేదు. ఒడిశాలో నెలకి 3,500 రూపాయల పింఛను 80 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకి. మీరొచ్చాకే మొదలయ్యే కేంద్రం వారి 300 రూపాయలకీ అదే గీత. వైకల్యం గుర్తింపు కార్డుల్లో నీలందీ వాళ్ళకే, మావాడికి పసుపుపచ్చది. అంటే ఒక్కో గుండీకీ ధర కట్టేశారన్నమాట. కొడుకు చేతగానివాడని కన్నతల్లి ఎంత బాగా చెప్పుకుంటే అంత రాబడి.

సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం. అక్కడ పింఛను 6,000. "ఆ సర్కారు గుండీలడగదా?" అంటుంది మా అత్తగారు. అడుగుతుందత్తా, కానీ 40 శాతం దాటితే చాలంటుంది.

ఇక బ్యాంకు. మీరొచ్చాక నా సంతకం చెల్లదట, వాడే పెట్టాలట. వాడికి సంతకం రాదు. 2016 చట్టమేమో సంరక్షకులు ఏంచేసినా ఆ మనిషి ఇష్టం కనుక్కుని చెయ్యాలంది. మంచి మాటే. కౌంటర్లో సారు మాత్రం వాణ్ణొదిలేసి, "ఇతనికేమైనా తెలుస్తుందా?" అని నన్నడిగారు. ఆయన చొక్కాకి పైగుండీ ఊడి ఉంది. మావాడు చెయ్యి చాచి పెట్టబోయాడు.

గార్డియన్ కాగితం తెమ్మన్నారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు గారి కమిటీ ఇస్తుంది. ఆ మాట విని ముందే అడిగాను, మైనారిటీ తీరాక రమ్మన్నారు. తీరేదాకా కాగితం రాదు, తీరాక కాగితం లేనిదే డబ్బు రాదు. ఈ రెంటి మధ్యా వాడు తినే అన్నం ఏ పద్దులో రాయాలో మీరే సెలవివ్వండి.

వెనకవీధిలో ఒక పాప దగ్గరికి వచ్చే ఏడు తమరు దయచేస్తున్నారట. ఫొటోలు, జిరాక్సులు ఇప్పుడే తీయించుకోమని, పాపకి నాలుగు ఒడియా ముక్కలు నేర్పమని వాళ్ళమ్మకి చెప్పాను. ఆవిడ పాపకి జడ వేసుకోవడం నేర్పుతోంది. దానికేం చెప్పాలో తోచలేదు.

ఇట్లు,
నిన్నటిదాకా తల్లి, ప్రస్తుతం అర్జీదారు