పదాల లెక్కలో పడని పని

లైఫ్ సైన్సెస్, అంటే జీవ, వైద్య శాస్త్రాల పరిశోధన పేపర్లు దిద్దే ఫ్రీలాన్స్ ఎడిటర్లకు హైదరాబాద్‌లో పనికి కొదవ లేదు. హబ్సిగూడలో జీవకణాలపై పరిశోధించే సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, శామీర్‌పేట వైపు వెళితే మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ. అయినా అందరూ అడిగేది ఒకటే: ‘కాస్త ఇంగ్లిష్ సరిచేయాలి, పదానికి ఎంత?’ ఈ పదానికింత అనే పద్ధతి పోవాలి.

ఆమధ్య నా దగ్గరికి ఒక పేపర్ వచ్చింది. ఇంగ్లిష్ శుభ్రంగా ఉంది. మొదట్లో 48 మంది రోగులన్నారు. రెండో పట్టికలో వరసలు కూడితే 46. ‘మిగతా ఇద్దరూ ఏమయ్యారు?’ అని పక్కన కామెంట్ పెట్టాను. మందు పడక మధ్యలోనే మానేశారని మర్నాడు జవాబు వచ్చింది. ఆ మందు వాడబోయేవాళ్లకు ముందుగా తెలియాల్సింది అదే, రాయనిదీ అదే. నా కామెంట్‌లో ఉన్నవి మూడు పదాలు. వాటికి ఏ రేటు కడతారు?

మోతాదుల దగ్గర ఇంకా టెన్షన్. మైక్రోగ్రాము గుర్తులోని గ్రీకు అక్షరం ‘మ్యూ’ను సింబల్ ఫాంట్‌లో కొట్టి ఉంటే, ఫాంట్ మారగానే అది ‘ఎమ్’ అయిపోతుంది. మైక్రోగ్రాము కాస్తా మిల్లీగ్రాము, అంటే వెయ్యి రెట్లు. వ్యాకరణంలో మాత్రం ఎక్కడా తప్పు కనిపించదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే (సెప్ట్1 అని కొడితే సెప్టెంబర్ 1 అనుకుంటుంది), చివరికి జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే దిగివచ్చి సెప్ట్1 లాంటి పేర్లను సెప్టిన్1గా మార్చాల్సి వచ్చింది.

ఇదంతా ఏఐ చేస్తుందంటారు. వాక్యాలు దిద్దుతుంది, లెక్క తేడా కూడా పట్టొచ్చు. కానీ ‘సార్, ఆ ఇద్దరి సంగతి రాయకుండా పంపకండి’ అని ప్రొఫెసర్ దగ్గర పట్టుబట్టడానికి మనిషే కావాలి.

నా అసలు బాధ తెలుగు గురించి. మందును మనుషులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లో చేరే మనిషికి అర్థమయ్యే మాటల్లో విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. నేను చూసిన సమ్మతి ఫారాల్లో ఇంగ్లిష్ ప్రతిని పదిసార్లు దిద్దుతారు, తెలుగు ప్రతి అనువాదం కాగానే ప్రింటుకు పోతుంది. ‘ప్రతికూల సంఘటన’, ‘యాదృచ్ఛికీకరణ’ అని రాస్తే ఊరి నుంచి వచ్చిన రైతుకు ఏం తెలుస్తుంది? ‘మీకు ఏ మందు వస్తుందో డాక్టర్ ఎంచుకోరు, చీటీ తీసినట్టు వస్తుంది’ అంటే తెలుస్తుంది. ట్రయల్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలు తెలుగు ప్రతి మీద దాన్ని దిద్దినవారి పేరు, సంతకం అడగాలి. అవి లేని ఫారాన్ని వెనక్కి పంపాలి.