కాలు ఆగేదాకా బూటు ఆగాలి

సెలవులకు హైదరాబాద్ వచ్చే మన ప్రవాస బంధువుల సూట్‌కేసుల్లో చాక్లెట్లు, విటమిన్ సీసాల సరసన ఈమధ్య ఇంకో పెట్టె చేరుతోంది. మోకాలి దాకా వచ్చే తోలు స్వారీ బూట్ల పెట్టె. అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు గుర్రపుస్వారీ నేర్చుకుంటున్న మేనకోడళ్ల కోసం, మేనల్లుళ్ల కోసం. తెచ్చేవారి ప్రేమకు వంక పెట్టను. వంకంతా ఆ పెట్టెకే. ఎదిగే వయసు పిల్లలకు పొడవాటి తోలు బూట్లు కొనకూడదని, 'కాస్త పెద్ద సైజు' చూసి అసలే కొనకూడదని నా అభిప్రాయం.

మన ఇళ్లలో పిల్లకు ఏది కొన్నా రెండేళ్లు రావాలని చూస్తాం. పట్టు పరికిణీ కుట్టిస్తే అంచు పైన రెండు మడతలు వేయించి, పిల్ల పొడుగయ్యేకొద్దీ ఒక్కొక్కటే విప్పుతాం. ఆ తెలివి పరికిణీ దగ్గర చక్కగా పనిచేస్తుంది. తోలు బూటులో విప్పడానికి మడతలు ఉండవు. బడికి వేసుకునే బూటుకు ప్రధానంగా చూసేది పాదం పొడవు ఒక్కటే. పొడవు స్వారీ బూటుకు మూడు కొలతలు చూడాలి: పాదం, పిక్క చుట్టుకొలత, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు. తయారీదారుల పట్టికల్లో ఒకే 38 నంబరు బూటు పొట్టి, మామూలు, పొడవు అని, మళ్లీ సన్నం, మామూలు, వెడల్పు అని ఇన్ని రకాలుగా ఉండేది అందుకే.

చిక్కేమిటంటే కౌమారంలో ఈ మూడూ కలిసి ఎదగవు. ముందు పాదం పరుగు తీస్తుంది. సాధారణంగా ఆడపిల్లలకు 12 నుంచి 14 ఏళ్ల మధ్య, మగపిల్లలకు 15, 16 ఏళ్లకు పాదం దాదాపు పూర్తి సైజుకు వచ్చేస్తుంది. మోకాలి కింది ఎముక ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది. పిక్కకైతే తొందరే లేదు, పైగా వారం వారం జీనెక్కే పిల్లకు అక్కడ కండ పడుతుంది. ఈ వేసవిలో పాదానికి అమిరిన బూటు వచ్చే సంక్రాంతికి ఎత్తు చాలక, జిప్పు పిక్క దగ్గర ఆగిపోయి మూలపడటంలో వింతేమీ లేదు. మంచి తోలు బూటు మొదట చెక్కలా బిగుసుకుని ఉంటుంది, మెత్తబడటానికి వారాలు పడుతుంది. తోలు కాలికి అలవాటయ్యేలోపే కాలు తోలును దాటిపోతుంది.

అయితే పెద్ద సైజు కొంటే సరి అంటారు. ఆ మాట వింటేనే నాకు భయం. గుర్రం మీదినుంచి పడేటప్పుడు జీనుకు వేలాడే, పాదం మోపే రికాబులోంచి పాదం వెనక్కి జారి బయటికి రావాలి, ముందుకు జారి రికాబు దాటిపోకూడదు. అందుకే స్వారీ బూటుకు దాదాపు 2.5 సెంటీమీటర్ల హీలు ఉంటుంది, సోలు గాడులు లేకుండా నునుపుగా ఉంటుంది. బూటుకు, రికాబు అంచులకు మధ్య రెండు పక్కలా కలిపి మరో 2.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని నేర్పుతారు. పెద్ద సైజు బూటు వెడల్పుగా కూడా ఉంటుంది కాబట్టి ఆ ఖాళీని తినేస్తుంది. గుర్రం బెదిరి పిల్ల పడిన క్షణాన పాదం ఇరుక్కుంటే గుర్రం ఆగదు, ఈడ్చుకుపోతుంది. అంత దూరం పోకపోయినా, లోపల కాలు ఆడుతుంటే మడమ కిందికి దించి ఉంచమని గురువు ఎంత అరిచినా పిల్లకు సాధ్యం కాదు. బూటు ఎత్తు ఎక్కువైతే మోకాలి వెనక ఒరుసుకుని పుండు పడుతుంది. రెండు జతల మందపాటి మేజోళ్లు వేసుకోమనే సలహా ఒకటి ఉంది. హైదరాబాద్ ఎండలో ఆ సలహా ఇచ్చేవారికే ముందు అవి తొడగాలి.

మా ఆడపడుచు న్యూజెర్సీలో ఉంటుంది. బయల్దేరేముందు ఫోను చేసి, "వదినా, పోయినసారి 37 అన్నావు కదా, 38 తెచ్చేస్తాను, ఎదిగే పిల్ల" అంది. ఒక్క అంకె చాలదు, మూడు కావాలి, అవి కూడా వచ్చే వేసవికి నిలవవు అన్నాను. "మరి ఫోటోల్లో అందరూ పొడవు బూట్లే వేసుకుని ఉన్నారు కదా" అని అడిగింది. సరిగ్గా అక్కడే ఉంది అసలు విషయం.

మన కళ్లలో నాటుకుపోయిన పొడవు బూటు పెద్దవాళ్లది. మా నగరానికి గుర్రం కొత్త కాదు. మలక్‌పేటలో రేసుకోర్సు ఉంది. శివరాంపల్లిలోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులు స్వారీ నేర్చుకుంటారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల అశ్విక సైనికులవి, మొదటి ప్రపంచయుద్ధంలో దూరదేశాలకు వెళ్లి పోరాడినవారివి. వీళ్లంతా ఎదగడం పూర్తయిన మనుషులు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో గుర్రం చేత లయగా అడుగులు వేయించే డ్రెసాజ్‌లో మన నలుగురి జట్టు స్వర్ణం గెలిచింది, గుర్రపు క్రీడల్లో 1982 తర్వాత దేశానికి అదే మొదటి స్వర్ణం. ఆ ఫోటోలు చూసి మన పిల్లలు మెరిసే నల్లబూట్లను కలగంటే అది సహజం. కానీ ఆ నలుగురూ కూడా కాళ్లు ఎదగడం ఆగిపోయిన వయసువారే.

పిల్లల మాటకొస్తే, అమెరికా పోటీల్లోనే చూడండి. గుర్రం కంచెలు దూకే తీరుకు మార్కులిచ్చే హంటర్ విభాగంలో చిన్నపిల్లలు జోధ్‌పూర్ ప్యాంటు, చీలమండ దాకా వచ్చే పొట్టి బూట్లు వేసుకుని, మోకాలి కింద గార్టరు అనే తోలు పట్టీ కట్టుకుని బరిలోకి దిగడం ఎప్పటినుంచో ఉన్న మర్యాద. దాన్ని ఎవరూ పేదరికంగా చూడరు. ఆ ప్యాంటు మన దేశపుదే. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవానికి లండన్ వెళ్లిన జోధ్‌పూర్ రాజవంశీకుడు సర్ ప్రతాప్ సింగ్ బృందం వేసుకున్నాక ఇంగ్లండులో దానికి గిరాకీ పెరిగింది. పొట్టి బూటుకు కూడా ఆ ఊరి పేరే నిలిచింది.

కాబట్టి పాదం స్థిరపడుతున్న పిల్లకు మంచి తోలుతో చేసిన పొట్టి బూట్లు కొనండి, వాటిమీద పిక్కకు తొడిగే హాఫ్ చాప్స్ కొనండి. చాప్స్ అంటే చీలమండ నుంచి మోకాలి దాకా కాలికి చుట్టుకునే తోలు తొడుగు. పక్కన సాగే పట్టీ ఉంటుంది కనుక పిక్క కొంచెం లావైనా సర్దుకుంటుంది. పాదం పెరిగితే బూటు ఒక్కటే మారుతుంది, ఎత్తు పెరిగితే చాప్స్ ఒక్కటే మారతాయి. మూడు కొలతల సమస్యను రెండు ముక్కలు చేసి పంచుకోవడమన్నమాట. జిప్పు ఊడినా దిగులు లేదు, బ్యాగులు బాగుచేసే దుకాణంలో వేయించుకోవచ్చు. పొడవు బూటు వెనక జిప్పు మార్చడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి. 13 ఏళ్ల పిల్లకు తోటివాళ్లలో ఒకరిగా కనిపించాలన్న ఆశ ఉంటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. బూటు రంగుకు సరిపోయే నున్నటి తోలు చాప్స్ తీసుకుంటే పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు. అన్నట్టు, అమెరికాలో కొనేటప్పుడు లోపలి చీటీ ఒకసారి తిప్పి చూడండి. మన దేశంలోనే తయారైనట్టు ఉండటం అరుదేమీ కాదు. గుర్రపు జీన్లు, కళ్లేల పనిలో కాన్పూరుకు భౌగోళిక గుర్తింపే ఉంది. అలాంటి సరుకు ఇక్కడినుంచి అక్కడికి వెళ్లి, తిరిగి మన సూట్‌కేసులో ఎక్కి వస్తుంది.

రబ్బరు పొడవు బూట్లు చవక. మన ఎండకు వాటిలో కాలు ఉడికిపోతుంది. వద్దు.

తోలుకైనా ఇక్కడి వాతావరణం కష్టమే. మే నెలలో 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అందుకే స్వారీ అంతా తెల్లవారుజామునే. వానాకాలంలో అల్మారాలో పెట్టిన తోలుకు బూజు పడుతుంది. తడిసిన బూటును ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యరు పట్టినా పగులుతుంది. పాత న్యూస్‌పేపర్లు కుక్కి నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి. చిన్న బూటుకు చేసే ఈ సేవ పిల్లే చేసుకోగలదు. మోకాలెత్తు బూటుకు ఆ పని చివరికి అమ్మ నెత్తిన పడుతుంది.

నా మాటకు మినహాయింపు లేకపోలేదు. పోటీల స్థాయికి వెళ్లిన పిల్లకు పొడవు బూట్లు తప్పనిసరి కావచ్చు. కొన్ని పోటీల్లో రంగు కలిసిన నున్నటి చాప్స్‌ను ఒప్పుకుంటారు, కాబట్టి ఆ ఏడాది నియమావళి చదివాకే డబ్బు తీయండి. తప్పదంటే ముందుభాగాన లేసులుండే ఫీల్డ్ బూటు మేలు. అది చీలమండ దగ్గర వంగుతుంది, లేసు సడలించుకోవచ్చు. డ్రెసాజ్‌కు వాడే గట్టి బూటు ఆ సౌకర్యం ఇవ్వదు. కొలత తీసేటప్పుడు స్వారీ ప్యాంటు, పల్చటి మేజోళ్లు వేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు వంచి తీయండి. రెండు కాళ్లూ కొలవండి, సాయంత్రం పూట కొలవండి, ఎందుకంటే పొద్దుటికీ సాయంత్రానికీ కాలు కాస్త ఉబ్బుతుంది. కొత్త తోలు చీలమండ దగ్గర ముడతలు పడి 2 నుంచి 4 సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. కాబట్టి మొదట్లో మోకాలి మడతను తాకుతున్నట్టు ఉంటే కంగారు పడకండి. తోలు అలా కిందికి దిగడానికి వదిలే ఎత్తు వేరు, రాబోయే ఏడాది కోసం వదిలే ఎత్తు వేరు. ఆరు నెలల తేడాతో రెండుసార్లు కొలిచి, మూడు అంకెలూ కదలలేదని తేలితే అప్పుడు నిశ్చింతగా కొత్త బూట్లు కొనండి. నేనూ చప్పట్లు కొడతాను.

పోటీ ముంచుకొచ్చినా అంకెలు ఇంకా కదులుతున్న పిల్లకైతే నా ఓటు పాతబూటుకే. అమెరికాలో స్వారీ సామాను మారుబేరానికి అమ్మే దుకాణాల్లో పిల్లల పొడవు బూట్లు దొరుకుతాయి. ఒక సీజను వాడేసరికి కాలు పెరిగి బయటపడ్డవి వాటిలో ఎన్నో. చీలమండ ముడతల్లో పగుళ్లు, జిప్పు పళ్లు, హీలు అరుగుదల చూసి తీసుకుంటే చాలు.

ఈ పత్రిక నడిపే ప్రవాస సంఘం వారికి ఒక విన్నపం. మన పిల్లలు విడిచిన బూట్లను ఇళ్ల అటకల మీదినుంచి దింపి, ఊరికి వచ్చే సభ్యుల చేత హైదరాబాద్‌లోని స్వారీ బడులకు పంపించండి. బడిలో ఒక అల్మారా ఉంటే చాలు, పిల్ల తీసుకుని వాడి, కాలు పెరగగానే తిరిగి పెట్టేస్తుంది. గుర్రాలను సాకే సాయీసుల పిల్లల్లో కూడా జీనెక్కేవాళ్లున్నారు, ఆ అల్మారా వాళ్లకూ తెరిచి ఉండాలి. హెల్మెట్లను మాత్రం ఇందులో కలపకండి. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ బయటికి బాగానే కనిపించినా లోపల పనిచేయదు. దాన్ని ప్రతి పిల్లకూ కొత్తగానే కొనాలి, ఏఎస్‌టీఎం ఎఫ్1163 అనే స్వారీ హెల్మెట్ల భద్రతా ప్రమాణం గుర్తు చూసి కొనాలి. పొడవు బూట్ల మీద మిగిల్చిన డబ్బుకు అంతకన్నా మంచి ఖర్చు లేదు. పంపే బూట్ల పెట్టె మీద వాడిన పిల్ల వయసు రాయకండి, దానివల్ల ఇక్కడ ఎవరికీ ఉపయోగం లేదు. పాదం సైజు, పిక్క, ఎత్తు, ఈ మూడూ సెంటీమీటర్లలో రాసి అంటించండి.