ఖాళీ కడుపుతో రైలెక్కమన్న పెద్ద డాక్టరుకి

"అరవై దాటి షుగరు, బీపీ ఉన్నవారు ప్రయాణంలో పాటించాల్సిన అయిదు రహస్యాలు" అనే వాట్సాప్ సందేశం ఈ ఏడాది మా చుట్టాల గ్రూపులోకి మూడుసార్లు వచ్చింది. పంపిన ముగ్గురూ మంచివారే. రాసినవారి పేరు లేదు, "ఒక పెద్ద డాక్టరు" అని మాత్రం ఉంది. అందులో మొదటి మాట నమ్మి మా పిన్ని విశాఖలో అరకు రైలెక్కింది కాబట్టి ఇది రాయక తప్పడం లేదు.

మొదటి రహస్యం: ప్రయాణం రోజు ఏమీ తినకపోతే వాంతులు రావు, షుగరూ పెరగదు.

పెరగదు, నిజమే. పడిపోతుంది. పిన్నికి అరవై ఎనిమిదేళ్లు. తెల్లవారుజామున అలవాటు కొద్దీ గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర వేసుకుంది, సందేశం చెప్పింది కదా అని టిఫిను మానేసింది. ఆ మాత్ర మనం తిన్నామా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. శృంగవరపుకోట దాటాక పిన్ని నీళ్ల సీసాకు మూత బిగించబోయింది. మరలు కుదరలేదు. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, ఆమె నుదుటి మీద మాత్రం చెమట. "ఉక్కగా ఉందిరా" అంది. గ్లూకోమీటరు 54 చూపించింది. 70 కన్నా తగ్గితేనే ప్రమాదమని లెక్క. మూడు చెంచాల చక్కెర అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాం, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 82. అప్పుడు ఇడ్లీ పెట్టాం. ఎదుటి సీటు ఆయన ప్రేమగా లడ్డూ ఇవ్వబోయాడు కానీ, అందులోని నెయ్యి చక్కెరను రక్తంలోకి త్వరగా చేరనివ్వదు. ఇలాంటప్పుడు ఉత్త చక్కెరే మేలు. గ్లిమెపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది కాబట్టి షుగరు మళ్లీ పడవచ్చు. అందుకని సాయంత్రం దాకా గంట గంటకూ వేలు పొడిచాం. పిన్ని విసుక్కుంది, విసుక్కోనీ.

గాట్ రోడ్డులో వాంతుల భయం ఉంటే నూనె వంటలు మాని కొద్దిగా తినాలి, అంతే. మాత్ర వేసుకుని పస్తుండడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

రెండోది: నీళ్లు తగ్గించండి, నీళ్ల మాత్ర (ఒంట్లో అదనపు నీటిని మూత్రంగా పంపేసే మందు) ఆ ఒక్కరోజు మానేయండి.

ఈ మాట ఎందుకు అంతమంది నమ్ముతారో నాకు తెలుసు. రైలు మరుగుదొడ్డికి భయపడి ఆడవాళ్లు గొంతు తడుపుకోవడం కూడా మానేస్తారు. ఆ భయం నిజమైనదే, మందు మాత్రం తప్పు. విశాఖ ఎండలో, ఈ ఉక్కలో ఒంట్లో నీరు తగ్గితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, మూత్రంలో ఇన్ఫెక్షను వస్తుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. నీళ్ల మాత్ర మానేస్తే గుండె బలహీనంగా ఉన్నవారికి ఆయాసం మొదలవవచ్చు. దాని వేళ మార్చుకోవచ్చా అని ముందుగా మీ డాక్టరునే అడగండి. నీళ్లు ఇంతే తాగాలని గుండె, కిడ్నీ రోగులకు డాక్టరు చెప్పి ఉంటే ఆ లెక్కే పాటించాలి. ఇక సీటు సంగతి. నడవా పక్కన కూర్చుంటే లేవడం సులువు. రాత్రి రైలైతే అరవై నిండిన మగవారికీ నలభై అయిదు నిండిన ఆడవారికీ కింది బెర్తు కోటా ఉంది, టికెట్టు తీసుకునేటప్పుడే అది ఎంచుకోవాలి. ఇది తెలియక పైబెర్తు ఎక్కలేక నానా అవస్థ పడేవాళ్లను ఎంతమందిని చూశానో.

మూడోది ఇన్సులిన్‌ను ఐసు ముక్కల్లో పెట్టి తీసుకెళ్లమనడం. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, కానీ పనిచేయదు, పారేయాల్సిందే. వాడుతున్న ఇన్సులిన్ పెన్నును చాలా రకాల్లో దాదాపు నాలుగు వారాలు 30 డిగ్రీలకు మించని గదిలో ఉంచుకోవచ్చు. మీది ఎన్నాళ్లో పెట్టె మీద ఉంటుంది. అసలు శత్రువు బీచ్ రోడ్డులో ఎండకు నిలిపిన కారు. తడిగుడ్డలో చుట్టే పద్ధతి పొడి ఎండలున్న ఊళ్లలో బాగా పనిచేస్తుంది, మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తడి త్వరగా ఆరదు, చల్లదనమూ అంతంతమాత్రమే. ఐసు ప్యాకు వాడితే మధ్యలో మందపాటి తువ్వాలు ఉండాలి. విమానంలో అయితే మందులు చేతిసంచిలోనే, డాక్టరు రాసిన చీటీతో సహా. చీటీ దగ్గర ఉంచుకోమని సందేశంలోనూ ఉంది, అందులో నిజమైన ముక్క అదొక్కటే.

నాలుగోది పాత కథ: ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండండి. గుండెపోటులో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మూసుకుపోయింది రక్తనాళం. దగ్గితే అది తెరుచుకోదు. ఆసుపత్రి బల్ల మీద, ఈసీజీ చూస్తూ డాక్టర్లు కొన్ని క్షణాలు దగ్గించే సందర్భం వేరు. ఛాతీలో బరువు, చెమట, ఎడమచేయి లాగడం మొదలైతే బస్సులో కండక్టరుకు చెప్పి 108కి, రైల్లో 139కి ఫోను చేయాలి. షుగరు ఉన్నవారికి ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసమే రావచ్చు. దగ్గుతూ కూర్చుంటే ఆ సమయం పోయినట్టే.

అయిదోది చూసి నవ్వొచ్చింది. అరకు ఎత్తులో ప్రాణవాయువు తగ్గుతుంది, కర్పూరం, లవంగం, వాము మూట వాసన చూస్తూ ఉండాలట. ఆ దారిలో ఎత్తైన స్టేషను శిమిలిగుడ, 996 మీటర్లు. ఎత్తు వల్ల జబ్బు చేయడం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మాట. కర్పూరం మూట ప్రాణవాయువును పెంచదు కూడా. ఇప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నంతటి ఊపిరితిత్తుల జబ్బుంటే సంగతి వేరు, వారు డాక్టరును అడిగే బయలుదేరాలి. మిగిలినవారిని అలసటకు గురిచేసేది ఎత్తు కాదు, బొర్రా గుహల మెట్లు. దిగడం బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడే మోకాళ్లూ గుండే జవాబు అడుగుతాయి.

పిన్ని దిగలేదు. "మీరు వెళ్లి రండి, నేను రాళ్లను కొత్తగా చూడాలా" అని పైనే అరుగు మీద కూర్చుంది. మేము ఎక్కి వచ్చేసరికి మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చున్న ఎవరో పెద్దావిడతో గ్లూకోమీటరు ఎంతకు కొన్నామో మాట్లాడుతోంది.