సామ్సా కాఫ్కా కాడు, సామ్సా తండ్రి హెర్మనూ కాడు

"కాఫ్కా తండ్రికి రాసిన ఉత్తరాన్నే మెటమార్ఫసిస్‌గా మలిచాడు. గ్రెగర్ సామ్సా కాఫ్కాయే, యాపిల్ విసిరిన తండ్రి హెర్మనే. ఉత్తరం చదివి కూడా ఆయన మారలేదు." జర్మన్‌లో రాసిన రచయిత ఫ్రాంజ్ కాఫ్కా గురించి ఈ నాలుగు ముక్కలు తెగ తిరుగుతున్నాయి. హెర్మన్ ఆయన తండ్రి. మెటమార్ఫసిస్, గ్రెగర్ సామ్సా అనే కుర్రాడు పురుగుగా మారిపోయే కథ.

ముందు తేదీలు. కథ రాసింది 1912 నవంబరు, డిసెంబరుల్లో. ఉత్తరం రాసింది 1919 నవంబరులో. ఏడేళ్ల తర్వాతి ఉత్తరంలోంచి కథ ఎలా పుడుతుంది?

తండ్రి చదివాడన్నదీ నిలవదు. కాఫ్కా స్నేహితుడు మాక్స్ బ్రాడ్ చెప్పిన ప్రకారం కాఫ్కా దాన్ని తల్లి చేతికిచ్చాడు, ఆవిడ మళ్లీ కొడుక్కే ఇచ్చేసింది.

ఇక సామ్సా ఇల్లు చూడండి. తండ్రి వ్యాపారం దెబ్బతిని ఐదేళ్లు, ఇల్లంతా గ్రెగర్ సంపాదన మీదే. హెర్మన్‌కి ప్రాగ్‌లో ఫ్యాన్సీ సామాన్ల కొట్టు ఉంది, కొడుకు జీతం కోసం ఎదురుచూసే అవసరం లేదు. గ్రెగర్ ఊళ్లు తిరిగే సేల్స్‌మన్. కాఫ్కా కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగి. గ్రెగర్‌కి ఒక్క చెల్లెలు, కాఫ్కాకి ముగ్గురు.

అలాగని పోలికే లేదంటే అదీ అతే. కాకపోతే వెతకాల్సింది సంఘటనల్లో కాదు, మాటల్లో. 1912 సెప్టెంబరులో ఒక్క రాత్రిలో రాసిన 'తీర్పు' కథలో తండ్రి కొడుక్కి నీళ్లలో మునిగి చావమని శిక్ష వేస్తాడు. ఆ కొడుకు పేరు గేయోర్గ్ బెండెమన్. ప్రూఫులు దిద్దుతూ కాఫ్కాయే 1913 ఫిబ్రవరి డైరీలో లెక్క వేసుకున్నాడు: జర్మన్ స్పెల్లింగులో గేయోర్గ్‌కీ ఫ్రాంజ్‌కీ అయిదేసి అక్షరాలు, బెండెమన్‌లోని బెండెకీ కాఫ్కాకీ అంతే, పైగా ఇక్కడ 'ఎ' వచ్చిన చోట్లే అక్కడ 'ఆ' వస్తుంది. పోలిక ఉందనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

మెటమార్ఫసిస్ మొదటి వాక్యంలో గ్రెగర్ 'ఉంగెజీఫర్'గా మారతాడు. చీడపురుగు అనుకోండి. కాఫ్కా స్నేహితుడు, నాటకాల్లో వేషాలేసే లోవీని, అతనెవరో తెలియకుండానే, తండ్రి ఆ మాటతోనే పోల్చాడని ఉత్తరంలో ఉంది. "కుక్కలతో పడుకుంటే నల్లులతో లేస్తాం" అని ఆయన లోవీ గురించి అన్నట్టు 1911 నవంబరు డైరీలోనే ఉంది. అంటే కథకి ఏడాది ముందు.

ఆ ఉత్తరాన్ని హెర్మన్ మీద చార్జిషీటులా చదివేవాళ్లకి ఒక మాట. అందులో లాయరు ఎత్తులున్నాయని కాఫ్కాయే తన స్నేహితురాలు మిలేనాకి రాశాడు. ఉత్తరం చివరి పేజీల్లో తండ్రి గొంతుతో తనకే జవాబు కూడా చెప్పించాడు. అక్కడ 'ఉంగెజీఫర్' అనిపించుకున్నది లోవీ కాదు, ఫ్రాంజే.