సవరణ: రబ్బరు బుష్‌లకు గ్రీజు వద్దు

పాత మోటారు సైకిలుకి ఇంటి దగ్గరే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి) బుష్‌లు (అది తిరిగే చోట పెట్టే గొట్టాల్లాంటి ముక్కలు) మార్చుకోవడం గురించి రాసిన పోస్టులో "బుష్ ఎక్కించే ముందు గ్రీజు బాగా పట్టించండి" అని ఉంది. అది గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్‌లకే వర్తిస్తుంది. రాజోలు నుంచి ఒకాయన తన బండి రబ్బరు బుష్‌లకూ అలాగే చెయ్యాలా అని అడిగారు. చెయ్యకండి.

గ్రీజు, ఇంజనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది. బిగుతుగా ఉంటే సబ్బునీళ్ళు రాస్తే చాలు.

అంతకంటే ముఖ్యమైనది బిగింపు. రబ్బరు బుష్‌లో లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతికి ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలి తిరిగేది ఆ రబ్బరే. వెనక చక్రం గాల్లో వేలాడుతుండగా పివట్ (స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు) నట్టు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దింపేసరికే రబ్బరు మెలిపడి ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. నట్టు వదులుగా ఉంచి, స్టాండు తీసి, ఒకరిని సీటు మీద కూర్చోబెట్టి అప్పుడు బిగించండి. దయచేసి ఈ ఒక్కటీ మరవద్దు.

అంతర్వేది వైపు ఉప్పుగాలికి పాత బుష్ తుప్పుతో పట్టేసి ఉంటుంది. సుత్తితో బాదితే స్వింగ్ ఆర్మే వంగవచ్చు. ముందురోజే తుప్పు వదిలించే నూనె వేసి, పొడవాటి బోల్టు, వాషర్లు, సాకెట్టుతో మెల్లగా లాగండి. ఆ నూనె శుభ్రంగా తుడిచాకే కొత్తది పెట్టండి. నొక్కేటప్పుడు ఒత్తిడి బయటి గొట్టం మీదే పడాలి.

గన్‌మెటల్ బుష్ నొక్కాక లోపలి రంధ్రం కాస్త బిగుసుకుంటుంది. పివట్ తేలిగ్గా తిరగకపోతే లేతు షాపులో రీమరు (రంధ్రాన్ని కాస్త పెద్దది చేసే పనిముట్టు) పెట్టించండి.