మైనం అచ్చులకు పెట్రోల్ పోయకండి

ఒంగోలు, కందుకూరు వైపు కొవ్వొత్తులు చేసే డ్వాక్రా గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. 'అచ్చులకు పట్టిన మైనానికి పెట్రోల్ పోసి రుద్దండి. లేదంటే శానిటైజర్ చాలు. మొండిగా ఉంటే కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టండి.' దయచేసి ఇంకెవరికీ పంపకండి.

పెట్రోల్‌లో మైనం కరిగేది నిజమే. పారఫిన్ మైనం, పెట్రోల్, కిరసనాయిలు అన్నీ ముడిచమురు సంతానమే, అందుకే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కానీ మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. మనవాళ్ల షెడ్డుల్లో మైనం కరిగించే పొయ్యి ఎక్కడుంటుంది? అదే గదిలో, నేల మీదే. అగ్గిపుల్ల గీయక్కర్లేదు, ఆవిరే పొయ్యి దాకా వెళ్తుంది.

'పోనీ, కిరసనాయిలు వాడొచ్చుగా?' అంటారు. పెట్రోల్ కంటే నయమే. అయినా 38 డిగ్రీలు దాటితే దాని ఆవిరి కూడా అంటుకోగలదు, టర్పెంటాయిల్‌దీ దాదాపు అదే లెక్క. రోహిణి కార్తెలో మన నెల్లూరు, ఒంగోలు ఎండ 40 దాటుతుంది. ఇక రేకుల షెడ్డు సంగతి చెప్పాలా?

శానిటైజర్ వల్ల పారఫిన్ కరగదు. రుద్దుడికి ఊడొచ్చిన మైనాన్ని చూసి దాని గొప్పే అనుకుంటారు. పైగా అందులో ఉండేది ఆల్కహాలే, భగ్గుమంటుంది.

అన్నిటికంటే బాధనిపించేది కాస్టిక్ సోడా సలహా. నూనెలు, కొవ్వులైతే దానితో సబ్బుగా మారతాయి. పారఫిన్ కొవ్వు కాదు, చలించదు. అల్యూమినియం అచ్చునైతే కాస్టిక్ సోడా తినేస్తుంది. బుసబుస నురగ చూసి పని జరుగుతోందనుకుంటారు. ఆ బుడగలు హైడ్రోజన్, కరిగిపోతున్నది వేలు పోసి కొన్న అచ్చు. చేతులు కాలడం వేరే.

అసలు చాలావరకు ద్రావకమే అక్కర్లేదు. కొవ్వొత్తి మైనం మామూలుగా 70 డిగ్రీల లోపే కరుగుతుంది. నీళ్లు మరిగించి, పొయ్యి ఆర్పి, అల్యూమినియం అచ్చును ముంచితే మైనం పైకి తేలుతుంది. చల్లారాక బిళ్లలా తీసి, ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఇంకా పల్చటి జిడ్డు మిగిలితే, ఆరుబయట నీడలో, గుడ్డకు కాస్త టర్పెంటాయిల్ అద్ది తుడిచి, సబ్బునీళ్లతో కడగండి. సిలికాన్ అచ్చులకు మాత్రం ఆ గుడ్డ కూడా వద్దు, ఉబ్బి ఆకారం మారిపోతాయి. మైనం తేలిన నీళ్లను వేడిమీద తూములో పారబోయకండి, లోపల గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది.